ఒక్కరి ఇంట్లె ఒక్కరి వంట: కుక్కర్, పెరుగు, జొన్నరొట్టె, మల్లెచెట్టు

పానగల్లు_రోడ్డు
మా ఇంటామె పోయినంక నల్లగొండల ఒక్కన్నే ఉంటున్న. పిల్లలు రమ్మంటున్నరు గని నాకు ఈ ఇల్లే బాగుంటది, దాని మీద చర్చ వద్దు. క్యారేజీ తెప్పిచ్చుకోండ్రి అని గూడ చెప్పకుండ్రి. నా చేతితోని వండుకొని, పల్లెంల పెట్టుకొని, కూసొని తినాలె. గదే నా ఉద్దేశం.

తిప్పలు ఇవి. ఐదు లీటర్ల కుక్కర్ల చిన్న గ్లాసెడు బియ్యం పెడితే అడుగంటుతది, నీళ్లు పెంచితే ముద్దయితది. పావులీటరు పాలు తోడేస్తే ఈ చలికి తెల్లారేదాంక పాలు పాలే ఉంటున్నయ్. జొన్నరొట్టె కొడుతుంటె అంచులు పగులుతున్నయ్. వాకిట్ల మల్లెచెట్టు ఉంది, ఆమె నాటిందే. పోయిన ఎండకాలం ఆకు గుబురుగ వచ్చింది, పూలు దోసెడు గూడ రాలె. ఇంకోటి, ఒక్కన్నే ఉన్నప్పుడు ఏదన్న అయితే పక్కోళ్లకు తెలిసేటట్టు ఏం ఏర్పాటు చేసుకోవాలె? తెలిసినోళ్లు కొలతలతోని చెప్పండ్రి.

మిర్యాలగూడ_సన్నబియ్యం
ఐదు లీటర్లది చుట్టాలొచ్చినప్పటికి దాచిపెట్టండ్రి సార్. ఒక్కరికి రెండు లీటర్లది చాలు, పప్పు గూడ ఒకేసారి కావాలంటే మూడు లీటర్లది.

అడుగంటేది ఎందుకంటే, వెడల్పు అడుగు మీద బియ్యం పల్చగ పరుచుకుంటయ్, నీళ్లు జల్ది ఇగిరిపోతయ్. అందుకే బియ్యం నేరుగ కుక్కర్ల పొయ్యద్దు. కుక్కర్ అడుగున గ్లాసున్నర నీళ్లు, దాంట్ల జాలీబిళ్ల, దాని మీద స్టీలు గిన్నె. గిన్నెల 100 గ్రాముల బియ్యం కడిగి, బియ్యం ఏ గ్లాసుతోని కొలిచిన్రో అదే గ్లాసుతోని రెండు గ్లాసుల నీళ్లు. ఇరవై నిమిషాలు నాననియ్యాలె. మూడు విజిల్స్ వచ్చినంక మంట తగ్గించి ఐదు నిమిషాలు, తర్వాత బంద్. ఆవిరి దానంతట అదే దిగాలె. విజిల్ లేపి ఆవిరి తీస్తే పైమెతుకు పలుకుగ ఉంటది.

బియ్యం పాతవైతే పావు గ్లాసు నీళ్లు ఎక్కువ, కొత్తవైతే పావు గ్లాసు తక్కువ. కొత్త బియ్యమే ముద్దయితయ్. ఆరు నెల్లు దాటిన బియ్యమా, కాదా అడిగి కొనండ్రి. సాంబమసూరి అనే బీపీటీ 5204 రకం అయినా, తెలంగాణ సోనా అనే ఆర్‌ఎన్‌ఆర్ 15048 అయినా లెక్క ఇదే. ఒక్కరికి 25 కిలోల సంచి తేకుండ్రి, పురుగు పడతది. ఐదు కిలోలు తెచ్చి డబ్బాల నాలుగు ఎండుమిరపకాయలు, ఎండిన యాపాకు వేసి మూతపెట్టుకోండ్రి.

హుజూర్‌నగర్_మెకానిక్
పైన చెప్పింది కరెక్టే. ఒక్కటి కలుపుత. అడుగున నీళ్లు అయిపోతే సేఫ్టీ వాల్వు కరుగుతది. కరిగితే అదే కంపెనీ వాల్వు వెయ్యాలె, దుకాణపాయన ఏదో బిళ్ల బిగిస్తనంటె ఒప్పుకోవద్దు. మూతంచు కెళ్లి ఆవిరి పోతుంటె రబ్బరు తీసి చల్లటి నీళ్లల్ల పది నిమిషాలు పెట్టండ్రి, బిగుసుకుంటది. రబ్బరు గట్టిపడ్డా, పగుళ్లు కనబడ్డా మార్చుడే. విజిల్ గొట్టం వెలుతురుకు పట్టి చూడాలె, అవతలి వెలుగు కనబడాలె. కనబడకపోతే మెతుకు ఇరుక్కుంది, సూదితోని తియ్యండ్రి. ఇది వండేముందు ప్రతిసారి.

అల్యూమినియం కుక్కర్ లోపల నల్లబడకుండ అడుగు నీళ్లల్ల చింతపండు రెబ్బ వెయ్యండ్రి.

పానగల్లు_రోడ్డు
మంచిగ చెప్పిన్రు. పప్పు సంగతి గూడ చెప్పండ్రి. ఆరు విజిల్స్ వచ్చినా కందిపప్పు బద్దలు బద్దలే ఉంటున్నది.

చిట్యాల_నర్సు
ఏ నీళ్లతో వండుతున్నారు సార్? బోరు నీళ్లయితే కారణం అదే. సున్నం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్లలో పప్పు మెత్తబడదు. చింతపండు ముందే వేసినా ఉడకదు, పులుపు పప్పు ఉడికాకే వేయాలి.

మన జిల్లాలో ఇంకో సంగతి ఉంది. బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంటే మరిగిస్తే పోదు, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చు అని మన దేశపు ప్రమాణం. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్ తీసే పద్ధతికి ప్రపంచమంతా నల్లగొండ పేరే వాడుతుంది, అంతటి సమస్య మనది. తాగడానికే కాదు, అన్నానికి, పప్పుకు, చాయ్‌కి కూడా మిషన్ భగీరథ నల్లా నీళ్లో ఫ్లోరైడ్ తీసిన నీళ్లో వాడండి. గిన్నెలు కడగడానికి బోరు నీళ్లు చాలు.

మిర్యాలగూడ_సన్నబియ్యం
నర్సమ్మ చెప్పిందే. పప్పు ఒక్కరికి 40 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు. అర్ధగంట నానబెట్టి, పప్పు గిన్నె కింద, బియ్యం గిన్నె మీద. కింద వేడి ఎక్కువ తగులుతది.

పాలమూరు_రొట్టె
జొన్నరొట్టె సంగతికి వస్త. పగిలేదానికి మూడు కారణాలు: పిండి పాతది, నీళ్లు చాలినంత కాగలే, పిండి పిసికింది తక్కువ. గోధుమపిండిల ఉండే జిగురు జొన్నల ఉండది. మసిలే నీళ్లు తగిలితేనే పిండి కొంత ఉడికి అతుక్కుంటది.

ఒక్క పూటకు రెండు రొట్టెలంటె 130 గ్రాముల పిండి, సుమారు ఒక గ్లాసు. గిన్నెల ముప్పావు గ్లాసు నీళ్లు, చిటికెడు ఉప్పు, తెర్లు మసలాలె. పిండి నడుమ గుంత చేసి నీళ్లు పోసి చెంచాతోని కలిపి, మూతపెట్టి ఐదు నిమిషాలు ఆగాలె. తర్వాత మెదె చేత్తోని, అంటే అరచేయి మడిమెతోని, ఐదు నిమిషాలు గట్టిగ నూకుకుంట పిసకాలె. ముద్ద వేలుతోని ఒత్తితే అంచు పగలద్దు. పగిలితే చేయి తడిచేసుకొని మళ్ల పిసకాలె.

పీట మీద పొడిపిండి చల్లి, ముద్ద పెట్టి, కుడిచేత్తోని తట్టుకుంట ఎడమచేత్తోని అంచు ఆనిస్తుండాలె. పెంక ముందే కాగి ఉండాలె, నీటిబొట్టు వేస్తే చుర్రుమని ఎగరాలె. పొడిపిండి ఉన్న దిక్కు పైకొచ్చేటట్టు వేసి వెంటనే తడిగుడ్డతోని మీద నీళ్లు తుడవాలె. ఆలస్యమైతే పిండి ఎండి పొంగది. ఆ తడి ఆరంగనే తిప్పెయ్యాలె. రెండో దిక్కు కాలినంక పొయ్యి మంట మీద పెడితె ఉబ్బుతది.

పిండి కిలో కంటె ఎక్కువ పట్టించకుండ్రి. రెండు మూడు వారాలు దాటితె చేదొస్తది, పట్టు పోతది. తెల్ల మాల్దండి జొన్నలు అడగండ్రి, రొట్టె మెత్తగ వస్తది. పచ్చజొన్నల రుచి వేరే గని కొత్త చేతికి కష్టం.

దేవరకొండ_అక్క
పాలమూరోళ్ల రొట్టెకు వంక పెట్టను గని, రెండు రొట్టెల పిండి ఒకటేసారి పిసికి పెడితె రెండోది ఆరిపోయి పగులుతది. ఒక్కో ముద్ద అప్పటికప్పుడు పిసకాలె. మిగిలిన పిండి మీద తడిగుడ్డ కప్పాలె.

పాలమూరు_రొట్టె
అక్క చెప్పింది ఒప్పుకుంటున్న. ఒక్కో ముద్ద వేరేగనే పిసకాలె.

దేవరకొండ_అక్క
ఇగ పెరుగు. పాలు తక్కువైనకొద్ది వేడి జల్ది పోతది, చలికాలం పావులీటరు తోడుకోకపోవుటానికి అదే కారణం. పాలు పొంగు వచ్చినంక రెండు నిమిషాలు కాగనిచ్చి, చిటికెనవేలు ముంచి పది లెక్కపెట్టేదాంక ఓర్సుకునే వేడికి తేవాలె. గోరువెచ్చగ అంటే ఎండకాలం లెక్క, చలికాలం ఇంకొంచెం వెచ్చగనే ఉండాలె. తోడు ఫ్రిజ్ నుంచి తీసి గంట బయట పెట్టాలె. పావులీటరుకు ఎండకాలం అరచెంచా, ఇప్పుడు చెంచాన్నర. కలిపినంక కదిలియ్యద్దు.

రాత్రి అన్నం అయినంక కుక్కర్ కడిగి, అడుగున రెండు గ్లాసుల వేడినీళ్లు పోసి, జాలీబిళ్ల మీద పెరుగు గిన్నె పెట్టి, విజిల్ తీసేసి మూత పెట్టండ్రి. మీద తువ్వాల చుట్టాలె. తెల్లారేసరికి గడ్డకడుతది. నీళ్లు మసిలేటివి వద్దు, అంత వేడికి తోడు చచ్చిపోతది. పెరుగైనంక ఫ్రిజ్‌ల పెట్టాలె, లేకుంటె పగటికల్ల పులుస్తది.

వనపర్తి_పల్లీలు
మట్టిగురిగిల తోడేస్తె నీళ్లు పీల్చి గట్టిగ అయితది గదా అక్క?

దేవరకొండ_అక్క
ఎండకాలం అయితది. చలికి మట్టిగురిగి సల్లబడి పాలు గూడ సల్లబడ్తయ్. ఇప్పుడు స్టీలే.

గద్వాల_కొత్తిమీర
పెద్దాయన చాయ్ అడగలేదు గని ఒక్కరి చాయ్ గూడ చాలామందికి చెడుతది. అల్లం పచ్చిది పాలల్ల వేస్తె పాలు విరుగుతయ్. అర్ధగ్లాసు నీళ్లల్ల అల్లం దంచి రెండు నిమిషాలు మసలబెట్టి, చెంచెడు చాయ్‌పత్త, తర్వాత అర్ధగ్లాసు కాగిన పాలు. బెల్లం వేసేటట్టయితె దించినంకనే. పొయ్యి మీద బెల్లం పడితె అదీ విరుగుతది.

పానగల్లు_రోడ్డు
చాయ్ మంచి మాట చెప్పిన్రు. మిగిలిన అన్నం సంగతి? పొద్దుగాల సల్ల పోసుకొని సద్దిబువ్వ తినుడు నాకు ఇష్టం.

చిట్యాల_నర్సు
జాగ్రత్త. వండిన అన్నం గది వేడిలో చాలాసేపు ఉంటే బాసిల్లస్ సెరియస్ అనే బాక్టీరియా పెరిగి విషం తయారుచేస్తుంది. మళ్లీ వేడి చేసినా ఆ విషం పోదు. పల్లెంలో పరిచి ఆరబెట్టి, గంటలోపు ఫ్రిజ్‌లో పెట్టి, మర్నాడు ఒక్కసారే వేడి చేసుకోండి.

దేవరకొండ_అక్క
నర్సమ్మా, సద్దిబువ్వ అట్ల వండిన అన్నం వదిలేసుడు గాదు. అన్నం మునిగేటట్టు నీళ్లు పోసి, పుల్లసల్ల కలిపి పెడతరు. పులుపెక్కినంక చెడు పెరగది.

చిట్యాల_నర్సు
ఒప్పుకుంటాను అక్కా, అన్నం ఆరగానే సల్ల కలపాలి, రాత్రి పదింటికి గుర్తొచ్చి కలిపితే లాభం లేదు. ఎండాకాలం 44 డిగ్రీల ఎండలో మాత్రం ఫ్రిజ్‌లోనే పెట్టండి. వాసన తేడా వచ్చినా, తీగ సాగినా పారబోయాలి. ఒక్కరే ఉన్నవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే చూసేవాళ్లు ఉండరు, అందుకే ఇంతగా చెబుతున్నాను.

వనపర్తి_పల్లీలు
కూర వండే ఓపిక లేనినాటికి పల్లీలపొడి ఇంట్ల ఉండాలె. గ్లాసు పల్లీలు సన్నమంట మీద ఎనిమిది పది నిమిషాలు వేయించాలె, పొట్టు చేత్తోని రాలాలె. ఎనిమిది ఎండుమిరపకాయలు, అరచెంచా జీలకర్ర, చెంచెడు ఉప్పు, ఆరు ఎల్లిపాయ రెబ్బలు. పల్లీలు పూర్తిగ చల్లారినంక మిక్సీ ఆపి ఆపి తిప్పాలె, ఒకటేసారి తిప్పితె నూనె దిగి ముద్దయితది. ఎల్లిపాయ చివర్ల వెయ్యాలె. రెండు వారాలు నిల్వుంటది. ముడుచుకపోయినవి, నల్లబడ్డవి, చేదువి ఏరి పారేయాలె, బూజు పట్టిన పల్లీల విషం కాలేయానికి చెడ్డది.

చిట్యాల_నర్సు
బీపీ ఉంటే ఉప్పు సగం చేయండి. రోజుకు మొత్తం ఉప్పు 5 గ్రాములు దాటొద్దు, తొక్కు, పొడి, అప్పడం అన్నీ ఆ లెక్కలోకే. రోజూ ఒక గుడ్డో, కప్పు పప్పో తప్పకుండా ఉండాలి. ఒక్కరే ఉన్న పెద్దవాళ్లు అన్నం, తొక్కు, పెరుగుతో గడిపేస్తుంటారు, కండ కరిగిపోతుంది.

దేవరకొండ_అక్క
పొద్దటిపూట తపాలచెక్క చేసుకోండ్రి సార్, ఒక్కరికి ఒక్క చెక్క సరిపోతది. గ్లాసు బియ్యప్పిండి, నానిన శెనగపప్పు రెండు చెంచాలు, నువ్వులు చెంచెడు, దంచిన పల్లీలు, ఉల్లిగడ్డ, పచ్చిమిరప, కరివేపాకు. వేడినీళ్లతోని కలపాలె. సల్లటి తపాలకు నూనె రాసి లోపల పల్చగ ఒత్తి, వేలుతోని ఐదారు బొక్కలు పెట్టి, బొక్కల్ల నూనె చుక్కలు. మూతపెట్టి సన్నమంట మీద పన్నెండు నిమిషాలు. తపాల మందంగ ఉండాలె, పల్చటిదైతే నడుమ మాడి అంచు పచ్చిగుంటది.

నకిరేకల్_నిమ్మతోట
అందరు వంట మీదనే ఉన్నరు, మల్లెచెట్టు ఎవ్వరు ముట్టలే. సార్, మీరు అడిగింది సరైన కాలంల. మల్లె కత్తిరించుడు డిసెంబరు, జనవరిల్నే. కొత్త చిగురు కొసనే మొగ్గ వస్తది, పాత కొమ్మలు పెట్టుకుంటె ఆకే వస్తది.

ముందు పదిహేను రోజులు నీళ్లు బంద్ చెయ్యండ్రి. ఆకులు పండుబారి రాల్తయ్, భయపడద్దు. తర్వాత నేలకు అడుగున్నర ఎత్తుల అన్ని కొమ్మలు కత్తిరించాలె. ఎండినవి, ఒకదానికొకటి రాసుకునేటివి మొదలుకే తియ్యాలె. మిగిలిన ఆకు గూడ దూసెయ్యాలె. మొదలు చుట్టు జానెడు దూరం వదిలి లోతు లేకుండ తవ్వి, నాలుగు రోజులు ఎండనిచ్చి, బాగ మాగిన పశువుల ఎరువు రెండు గంపలు వేసి, అప్పుడు నిండ నీళ్లు. మార్చిల మొగ్గ పడతది.

ఆకు గుబురైంది అంటున్నరు గదా, యూరియా ఏమన్న వేసిన్రా? నత్రజని ఎక్కువైతె ఆకే. ఇంకోటి ఎండ. ఆరు గంటలన్న నేరుగ ఎండ పడాలె.

పానగల్లు_రోడ్డు
యూరియా వెయ్యలే. పక్కన వేపచెట్టు పెద్దగైంది, మధ్యాహ్నం దాంక నీడనే. చెట్టు పాతది, కత్తిరిస్తె చచ్చిపోతదేమో అని భయం.

నకిరేకల్_నిమ్మతోట
చావది. మల్లె వేరు గట్టిది, ముదురు మొదల నుంచే చిగురు పెడతది. అయినా మీ మనసు ఒప్పకపోతె మొదలు అంటు కట్టుకోండ్రి. నేలకు దగ్గరున్న కొమ్మ వంచి, కణుపు దగ్గర కింది దిక్కు తోలు కొద్దిగ గీకి, మట్టిల పూడ్చి, మీద రాయి పెట్టాలె. మట్టి తడిగ ఉండాలె. రెండు మూడు నెల్లకు వేరు పోస్తది, అప్పుడు తల్లిచెట్టు నుంచి కోసి ఎండ పడే తావుల నాటొచ్చు. అదే చెట్టు మీకు రెండయితది. అంటు కట్టే కొమ్మ ఒక్కటి వదిలి మిగిలినయ్ కత్తిరించండ్రి. పూడ్చిన తావుల మాత్రం చెంబుతోని నీళ్లు పోస్తుండాలె. వేపకొమ్మలు తూర్పు దిక్కువి రెండు తీయిస్తె పొద్దటి ఎండ గూడ పడతది.

దేవరకొండ_అక్క
పూలు వచ్చినంక మొగ్గలు పొద్దుగూకే ముందే తెంపుకోండ్రి సార్. తడిగుడ్డల చుట్టిపెట్టి, దీపం పెట్టే యాళ్లకు అమ్మ ఫొటోకు వేస్తె ఇల్లంత వాసన.

పానగల్లు_రోడ్డు
అట్లనే చేస్తనమ్మా. ఆమెకు మొగ్గలే ఇష్టం.

చిట్యాల_నర్సు
చివరి ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. పక్కింట్లో నమ్మకమైనవాళ్లకు ఒక తాళంచెవి ఇవ్వండి. లోపల గొళ్లెం వేసుకుంటే ఆ తాళంచెవి పనికిరాదు, కాబట్టి రాత్రి బయటినుంచి కూడా తీయగలిగే తాళమే వేసుకోండి. రోజూ పొద్దున ఏడులోపు పిల్లలకు ఒక మెసేజ్. ఏడున్నర దాకా రాకపోతే వాళ్లు ఫోన్ చేయాలి, ఎత్తకపోతే పక్కింటివాళ్లు వచ్చి తలుపు తీయాలి. ఈ వరుస ముగ్గురూ ముందే మాట్లాడుకోవాలి, లేకపోతే ఎవరికి వారు ఇంకొకరు చూస్తారులే అనుకుంటారు.

స్నానాలగది గడియ లోపల వేయకండి, ఇంట్లో ఇంకెవరూ లేరు కదా. బీపీ మందు వాడుతుంటే రాత్రి లేచినప్పుడు మంచం మీద ఒక నిమిషం కూర్చొని లేవండి, చటుక్కున లేస్తే తల తిరిగి పడతారు. మంచం నుంచి స్నానాలగదికి పోయే దారిలో రాత్రంతా చిన్న బల్బు వెలగాలి. మందుల పేర్లు, మోతాదులు కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించండి, 108 వాళ్లు వచ్చినప్పుడు అదే అడుగుతారు. పెద్దవాళ్ల సాయానికి 14567 ఉంది, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా.

హుజూర్‌నగర్_మెకానిక్
గ్యాస్ లీకుకు 1906. పడుకునే ముందు పొయ్యి కాదు, సిలిండర్ దగ్గర రెగ్యులేటర్ బంద్ చెయ్యాలె. ట్యూబు ఐదేండ్లకు మార్చాలె, తేదీ దాని మీదనే ఉంటది. సిలిండర్ పై కడ్డీ లోపలి దిక్కు ఏ, బీ, సీ, డీ అక్షరం, పక్కన సంవత్సరం ఉంటది. ఏ అంటే జనవరి నుంచి మార్చి, డీ అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. అది సిలిండర్‌ను మళ్ల పరీక్ష చెయ్యాల్సిన గడువు. గడువు దాటిన సిలిండర్ తీసుకోవద్దు. ఒక్కరికి సిలిండర్ నెలల తరబడి వస్తది, అందుకే తీసుకున్ననాడే చూసుకోవాలె.

సూర్యాపేట_రేడియో
పూటపూటకు వంటనే గాదు, పొద్దు గూడ గడవాలె. ఒక మీడియం వేవ్ రేడియో పెట్టుకోండ్రి. ఆకాశవాణి హైదరాబాద్ కేంద్రం 738 కిలోహెర్ట్జ్ మీద నల్లగొండ దాంక మంచిగ అందుతది. గుర్రుమంటె రేడియో చెడిపోయిందనుకోకుండ్రి. లోపల కడ్డీ యాంటెన్నా ఉంటది, సెట్టును మెల్లగ చుట్టు తిప్పితె ఒక తావుల గొంతు స్పష్టమైతది. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ పక్కన ఉంటె గోల ఎక్కువ.

మీరు పానగల్లు రోడ్డులనే ఉన్నరు కాబట్టి ఎండ ఉన్న పొద్దున ఛాయా సోమేశ్వరాలయం దాంక నడవండ్రి. లింగం వెనుక గోడ మీద స్తంభం నీడ పొద్దు జరిగినా జరగది. అది నేరు ఎండ నీడ గాదు, స్తంభాల నడుమ నుంచి చెదిరి లోపలికొచ్చే వెలుతురు చేసే నీడ. మబ్బునాడు సరిగ కనబడది. దగ్గర్లనే పచ్చల సోమేశ్వరాలయం, మ్యూజియం ఉన్నయ్, మూడు చూస్తె ఒక పూట.

పానగల్లు_రోడ్డు
గుడికి పోతుంట గని ఆ నీడ మర్మం తెల్వకపోయె, ఈసారి ఆ లెక్కన చూస్త. రెండు లీటర్ల కుక్కర్, జాలీబిళ్ల తెచ్చిన. అక్క చెప్పినట్టు కుక్కర్ల పెట్టిన పెరుగు గడ్డకట్టింది. కొమ్మ గూడ వంచి పూడ్చిన. పాత రేడియో ఒకటి అటక మీద ఉండె, దించిన. కరెంటు మీద పెడితె ఒకటే గుయ్‌మంటున్నది. అడాప్టర్ మార్చాల్నా?

సూర్యాపేట_రేడియో
ఇప్పటి అడాప్టర్లు చాలమట్టుకు మీడియం వేవ్‌ల గోల పుట్టిస్తయ్. సెల్లుల మీద పెట్టండ్రి. సెల్లు గదిల పచ్చటి చిలుము ఉంటె నిమ్మరసం అద్దిన దూదితోని తుడిచి, పొడిగుడ్డతోని ఆరబెట్టి, సన్నటి గరుకు కాగితంతోని ఒకసారి రుద్దండ్రి. నాలుగు సెల్లులు ఒకే కంపెనీవి, ఒకేసారి కొత్తవి వెయ్యాలె. పాతవి కొత్తవి కలిపితె పాతవి కారుతయ్. ఊరికి పోయేటప్పుడు సెల్లులు తీసిపెట్టండ్రి.